చెమట కనిపించని ఊరికి: విశాఖ నుంచి జైసల్మేర్‌కు ఎండాకాలం యాత్ర

రాజస్థాన్‌లోని జైసల్మేర్ చూడటానికి మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కానీ మన బళ్లకు సెలవులు ఇచ్చేది ఏప్రిల్ చివరలో. అందుకే విశాఖ నుంచి చాలా కుటుంబాలు థార్ ఎడారికి వెళ్లేది సరిగ్గా వెళ్లకూడని రోజుల్లోనే. ఆ రోజుల్లోనే వెళ్లక తప్పనివాళ్ల కోసం ఈ కథనం.

విశాఖ వాళ్లకు ఎండ కొత్త కాదు, పొడి గాలి కొత్త. ఇక్కడ మే నెల మధ్యాహ్నం 34 డిగ్రీల ఎండ, గాలిలో 75 శాతం తేమ ఉన్నాయనుకోండి. తడిగుడ్డను గాలికి ఆరేస్తే అది మహా అయితే 30 డిగ్రీల దాకా చల్లబడుతుంది. జైసల్మేర్‌లో 42 డిగ్రీల ఎండ, 15 శాతం తేమ ఉన్నప్పుడు అదే గుడ్డ 22 డిగ్రీలకు దిగుతుంది. మన ఒంటి మీద చెమటకూ ఇదే లెక్క. ఇక్కడ చెమట ఆరదు కాబట్టి కారుతుంది, కారుతోంది కాబట్టి నీళ్లు తాగాలని గుర్తొస్తుంది. అక్కడ పుట్టిన చెమట పుట్టినట్టే ఆవిరైపోతుంది. చొక్కా పొడిగా ఉంటుంది, ఒళ్లూ పొడిగానే ఉంటుంది. ఎండలో నడుస్తుంటే నీరు మాత్రం గంటకు లీటరు దాకా పోతూ ఉండొచ్చు. "నాకసలు చెమటే పట్టలేదు" అనే మాట అక్కడ ఎవరి నోట వినిపించినా వెంటనే నీడకు తీసుకెళ్లి నీళ్లివ్వాలి.

బయలుదేరే ముందు, విశాఖలో

పూర్ణా మార్కెట్‌లో మనిషికి రెండు చొప్పున పల్చటి నూలు తువ్వాళ్లు కొనండి. మందపాటి టర్కీ తువ్వాలు వద్దు. తడిపితే బరువెక్కుతుంది, గాలి ఆడదు, చాలా నీళ్లు తాగేస్తుంది. బట్టలు వదులుగా, పొడుగు చేతులతో, లేతరంగులో ఉండాలి. ఇక్కడ ఉక్కపోతకు చేతుల్లేని బనియను, నిక్కరు హాయి. అక్కడ గాలి మన చర్మం కన్నా వేడి. ఎంత ఒళ్లు బయటపడితే అంత వేడి లోపలికి వస్తుంది. ఆ ఊరి రైతులు కాళ్ల దాకా బట్ట కట్టి, తలకు గజాల కొద్దీ పాగా చుట్టుకునేది ఇందుకే. చెప్పులు చాలవు. మందపాటి అట్ట ఉన్న మూసిన బూట్లు, నూలు మేజోళ్లు కావాలి.

ఓఆర్‌ఎస్ పొట్లాలు మనిషికి రోజుకు రెండు చొప్పున పెట్టుకోండి. లీటరు నీళ్లలో కలిపే పొట్లం వేరు, 200 మిల్లీలీటర్లలో కలిపే చిన్న పొట్లం వేరు. పెద్దదాన్ని గ్లాసుడు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై దాహం పెరుగుతుంది, వాంతి కూడా రావచ్చు. పొట్లం మీద ఎంత నీటికో చదివి, అంత నీరూ ఒకేసారి పోసి కలపాలి. పొట్లాలు అయిపోతే లీటరు నీళ్లకు తలకొట్టిన చిన్న చెంచాలు పంచదార ఆరు, ఉప్పు అర చెంచా. కన్నీటి కన్నా ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి. ఉప్పు బిళ్లలు మింగొద్దు. రోజూ భోజనం చేసేవారికి, ఊరగాయ తినేవారికి వాటి అవసరం లేదు.

రక్తపోటుకు నీటి మాత్రలు, గుండెకు బీటా బ్లాకర్లు, మానసిక చికిత్స మందులు, అలర్జీ మాత్రలు వాడేవారు ముందుగా తమ డాక్టరును అడగాలి. కొన్ని మందులు చెమటను తగ్గిస్తాయి, కొన్ని ఒంట్లో నీటిని లాగేస్తాయి. మోతాదు మార్చాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట, సొంతంగా మానేయకూడదు. ఇన్సులిన్ వాడేవాళ్లు చిన్న మట్టి ముంతను తడి ఇసుకలో కూర్చోబెట్టి అందులో మందు పెట్టుకునే పద్ధతి నేర్చుకోండి. ఈ ఏర్పాటు విశాఖలో అంతంత మాత్రం, జైసల్మేర్‌లో బాగా పనిచేస్తుంది.

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఏసీ గదిలో పనిచేసేవాళ్లు ప్రయాణానికి పది రోజుల ముందు నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి రుషికొండ తీరాన పొడి ఇసుకలో నడవాలి. మొదట 20 నిమిషాలు, తర్వాత గంట దాకా. కొత్త బూట్లు ఎక్కడ కరుస్తాయో కూడా ఇక్కడే తెలిసిపోతుంది.

మొదటి రెండు రోజులు: రైల్లో

విశాఖ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి వారానికోసారి నేరుగా రైలుంది. రాయగడ, రాయపూర్ మీదుగా రెండు రోజులకు దగ్గర ప్రయాణం. స్లీపరులో వెళ్లేవారు ఛత్తీస్‌గఢ్ దాటాక గాలిలో తేడా గమనించొచ్చు. పెదవులు బిగుస్తాయి, ముక్కు లోపల చుర్రుమంటుంది. పడుకునేముందు కొబ్బరినూనె వేలికి అద్దుకుని ముక్కు అంచు లోపల పల్చగా రాసుకుంటే పక్కు కట్టదు, రక్తం రాదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి అయిదింటి వరకు ఎండ పడే వైపు షట్టరు దించేయండి. గాలి కోసం అంతా తెరిచి ఉంచితే వచ్చేది వడగాలే.

తినడానికి పులిహోర, అటుకులు, జంతికలు సరే. మొదటి రోజుకు చోడంబలి మంచిది, రెండో రోజుకు పులిసిపోతుంది.

మూడో రోజు: జోధ్‌పూర్, విశ్రాంతి

ఈ రోజు ఎక్కువ తిరగకూడదు. రావ్ జోధా 1459లో మొదలుపెట్టిన మెహ్రాన్‌గఢ్ కోటకు పొద్దున్నే తలుపులు తెరిచే వేళకు వెళ్లి, పదకొండున్నరకల్లా గదికి వచ్చేయండి. ఎక్కడానికి లిఫ్టు ఉంది. పెద్దవాళ్లను మెట్ల మీద నడిపించొద్దు.

గదిలో ఏసీ లేకపోయినా కంగారు పడక్కర్లేదు, ఎయిర్ కూలర్ చాలు. విశాఖలో కూలర్ పెట్టుకుంటే గదంతా జిగటగా తయారవుతుంది కాబట్టి మనకు దాని మీద నమ్మకం లేదు. పొడి గాలిలో అది 42 డిగ్రీల గాలిని 30కి దగ్గరగా దించగలదు. అయితే మన వాళ్లు ఏసీ అనుకుని తలుపులు, కిటికీలు బిగించేస్తారు. అప్పుడు గదిలో తేమ పేరుకుని అరగంటలో విశాఖ అయిపోతుంది. కూలర్‌కు ఎదురుగా ఉన్న కిటికీ జానెడు తెరిచి ఉంచాలి, కూలర్ వెనక భాగం బయటి గాలికి ఉండాలి. తొట్టిలో నీళ్లు అయిపోతే అది వట్టి ఫ్యానే. 40 డిగ్రీలు దాటిన గదిలో పొడి ఒంటి మీద ఫ్యాను గాలి మేలు చేయకపోగా వేడిని తోస్తుంది. కరెంటు ఉన్నా తొట్టి నింపేంత నీళ్లు లేకపోతే తడి దుప్పటి కప్పుకుని ఫ్యాను కింద పడుకోవాలి.

నీళ్లు తాగడం ఈ రోజు నుంచి గడియారం చూసి చేయాల్సిన పని. నడుస్తున్నప్పుడు ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్లు. కూర్చున్నప్పుడు గంటకు ఒక గ్లాసు చాలు. గంటకు లీటరున్నర దాటొద్దు. ఉప్పు లేకుండా వట్టి నీళ్లే అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. అది చూడటానికి వడదెబ్బలాగే ఉండి మరిన్ని నీళ్లు తాగిస్తారు, ప్రమాదం అక్కడే. మూడో వంతు మజ్జిగగానో ఓఆర్‌ఎస్‌గానో తీసుకుంటే ఆ భయం ఉండదు. అక్కడి ఛాఛ్ మన పల్చటి ఉప్పు మజ్జిగే. సజ్జపిండిని మజ్జిగలో ఉడికించే రాబ్ కూడా దొరుకుతుంది, మన అంబలికి అక్కచెల్లెలు.

సరిపడా తాగుతున్నారో లేదో చెప్పేది మూత్రం. లేత గడ్డి రంగులో ఉండి, మూడు నాలుగు గంటలకోసారి వస్తుంటే సరే. ముదురు పసుపైతే వెంటనే అర లీటరు తాగి నీడలో కూర్చోవాలి. ఆడవాళ్లు దారిలో మరుగుదొడ్డి ఉండదేమోనని నీళ్లు మానేయడం అన్ని యాత్రల్లోనూ జరుగుతోంది. ఎడారిలో ఎండదెబ్బకు ఇంతకన్నా దగ్గరి దారి లేదు. దీన్ని వాళ్ల ఓర్పుకు వదిలేయకుండా బండి మాట్లాడుకునేటప్పుడే గంటన్నరకోసారి పెట్రోలు బంకు దగ్గర ఆపాలని డ్రైవరుతో ఒప్పుకోండి.

నాలుగో రోజు: ఫలోడీ మీదుగా జైసల్మేర్

జోధ్‌పూర్ నుంచి రోడ్డున 285 కిలోమీటర్లు. రైలైతే ఓసియాఁ, ఫలోడీ, పోకరణ్ మీదుగా వెళుతుంది. 2016 మే 19న మన దేశంలో ఎప్పుడూ లేనంతగా 51 డిగ్రీలు నమోదైంది ఈ ఫలోడీలోనే.

దారి పొడవునా కనిపించే మొక్కల్లో మనకు తెలిసినవే ఎక్కువ. జిల్లేడును అక్కడ ఆక్ అంటారు, జమ్మిచెట్టును ఖేజ్రీ అంటారు. జమ్మి కాయలనే ఎండబెట్టి సాంగ్రీ కూర వండుతారు. ఆ చెట్టు నీడ పల్చన, అయినా అదే గతి. చెట్టు కింద కూర్చునేముందు రాలిన ముళ్లు, తేళ్లు లేకుండా కర్రతో కదిపి చూడాలి.

కాన్వాసు నీళ్ల సంచి దొరికితే కొనండి, ఛాగల్ అంటారు. కొత్త సంచిని ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. నూలు ఉబ్బి కుట్లు మూసుకుంటాయి, లేకపోతే కారిపోతుంది. నింపాక పూర్తిగా మూట కట్టకుండా నీడలో, గాలి తగిలేచోట వేలాడదీయాలి. పైన చెమ్మ ఆరుతూ లోపలి నీళ్లు చల్లబడతాయి. మట్టి కుండ పని ఇదే. ప్లాస్టిక్ సీసాలే ఉంటే పాత మేజోడు తొడిగి తడిపి కిటికీ దగ్గర పెట్టండి.

ఐదో రోజు: కోట, గడీసర్, మధ్యాహ్నం లెక్క

విశాఖ నుంచి వచ్చినవాళ్లంతా పొరపడే విషయం ఒకటుంది. జైసల్మేర్ మనకు 12 డిగ్రీల రేఖాంశం పైగా పడమర. గడియారం ఒకటే అయినా సూర్యుడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. ఏప్రిల్ చివర విశాఖలో ఆరుంబావుకు పొద్దు గుంకితే అక్కడ ఏడుంబావు. నడినెత్తి మీద ఎండ పావుతక్కువ ఒంటిగంటకు. గాలి బాగా వేడెక్కేది మూడున్నర, నాలుగు మధ్య. మన అలవాటు కొద్దీ "నాలుగైంది, ఎండ తగ్గింది" అని బయలుదేరితే రోజు మొత్తం మీద పాడు వేళలో రోడ్డెక్కినట్టే. సాయంత్రం ఆరు దాకా గడప దాటొద్దు. పొద్దున మాత్రం ఆరుంబావుకే వెలుతురు, పదింటి దాకా సమయం మీది.

కోటలో ఇప్పటికీ జనం కాపురం ఉంటారు. పసుపు రాతి గోడలు మందం, సందులు ఇరుకు, పైన జరోఖాలు అనే రాతి బాల్కనీలు ముందుకు పొడుచుకొచ్చి సందులో నీడ పరుస్తాయి. ఎండకు తట్టుకునేలా ఊరిని ఎలా కట్టాలో 1156 నుంచీ అక్కడ కనిపిస్తూనే ఉంది. నీడ ఉన్న వైపే నడవండి. గడీసర్ చెరువుకు పొద్దున్నే వెళ్లండి, తొమ్మిది దాటాక మెట్ల రాయి కాలుతుంది.

తువ్వాలు వాడే తీరు: పూర్తిగా తడిపి, కారకుండా పిండి, తలమీంచి మెడ వెనక్కి వేలాడేలా కట్టాలి. పావుగంట, ఇరవై నిమిషాల్లో బిరుసుగా ఆరిపోతుంది, మళ్లీ తడపాలి. ఆరిన తువ్వాలు నీడనిస్తుంది గాని చల్లబరచదు. తాగే నీటిని దీనికి ఖర్చుపెట్టకుండా రెండు లీటర్ల మామూలు నీళ్లు వేరే సీసాలో మోయండి.

ఇక ప్రాణం మీదికొచ్చే సంగతి. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, కాలి పిక్కలు పట్టేయడం కనిపిస్తే మనిషి డస్సిపోయాడని. చల్లని చోట పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి, బట్టలు వదులుచేసి, ఓఆర్‌ఎస్ గుక్క గుక్కగా తాగించాలి. అరగంటలో తేరుకోవాలి. తేరుకోకపోయినా, మాట తడబడినా, ఎక్కడున్నాడో చెప్పలేకపోయినా, చిరాకుగా తిరగబడినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటిందని లెక్క. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అని చాలామంది నమ్మకం, అది తప్పు. నడిచి అలిసినవాళ్లకు చెమట పడుతుండగానే వడదెబ్బ తగులుతుంది. చూడాల్సింది మతి సరిగా ఉందా లేదా అన్నదే.

అప్పుడు ఒకరు 108కి ఫోను చేస్తుండగానే మిగతావారు చల్లబరచడం మొదలుపెట్టాలి. ఆసుపత్రికి వెళ్లాక చూద్దామనుకుంటే ఆ ఆలస్యమే మెదడును, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పై బట్టలు తీసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ, అట్టతోనో చీరకొంగుతోనో ఆగకుండా విసరాలి. పొడి గాలిలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పారాసిటమాల్ పనిచేయదు, ఇది జ్వరం కాదు.

ఆరో రోజు: సమ్ ఇసుక తిన్నెలు

ఊరికి 40 కిలోమీటర్లు. ఎండాకాలంలో చాలా డేరాలు మూసేస్తారు, తెరిచి ఉన్నవాటిలో నీళ్లు, కరెంటు ఉన్నాయో లేదో ముందు ఫోనులో అడగండి. ఐదేళ్లలోపు పిల్లలను, 65 దాటినవారిని ఈ నెలల్లో రాత్రి బసకు తీసుకురావద్దని గట్టిగా చెబుతున్నాం. వాళ్లు సాయంత్రం చూసి ఊళ్లోకి వెళ్లిపోవడం మంచిది.

ఆరున్నర తర్వాతే తిన్నెలెక్కాలి. మధ్యాహ్నం ఇసుక పైపొర 60 డిగ్రీలు దాటుతుంది. ముంజేతి వెనక భాగాన్ని ఇసుకకు ఆనించి ఐదు సెకన్లు ఉంచలేకపోతే పిల్లల్ని దించొద్దు. పైపొర కాలుతున్నా జానెడు లోతున చల్లగా ఉంటుంది. పొద్దు పోయిన గంటలోనే పైన కూడా చల్లారుతుంది. ఒంటె ఎక్కేవారు ముందు దాని వెనక కాళ్లు లేస్తాయని గుర్తుపెట్టుకుని వెనక్కి వాలాలి.

పడమట ఆకాశం మట్టిరంగు గోడలా లేస్తే అది ఆంధీ, దుమ్ము తుఫాను. తిన్నె దిగి, ఒంటెనో బండినో అడ్డం పెట్టుకుని, గాలికి వీపు తిప్పి కూర్చోవాలి. తడి తువ్వాలు ముక్కు, నోటి మీద కట్టుకోవాలి. కాంటాక్టు లెన్సులు ఆ రోజు పెట్టుకోకపోవడం మంచిది. బండిలో ఉంటే రోడ్డు పక్కకు పూర్తిగా దిగి ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీద కాలు తీయాలి. లైటు వెలుగుతుంటే వెనక వచ్చేవాడు మీరు రోడ్డు మీదే కదులుతున్నారనుకుని వచ్చి గుద్దుతాడు.

రాత్రి నేల మీద పడుకోవద్దు, నులక మంచం అడగండి. బాండీ అనే చిన్న పింజర పాము చీకట్లో ఇసుక మీద తిరుగుతుంది, కదిలితే పొలుసులు ఒరుసుకుని గరగరమంటుంది. టార్చి లేకుండా అడుగు వేయొద్దు. పొద్దున బూట్లు బోర్లించి దులిపాకే తొడుక్కోవాలి. కాటేస్తే కట్టు కట్టడం, కోయడం రెండూ వద్దు. కాటు పడిన కాలిని కదలనీయకుండా వెంటనే జైసల్మేర్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏడో రోజు: తనోట్ దారి

తనోట్ మాత గుడికి 120 కిలోమీటర్ల తారురోడ్డు. మధ్యలో రామ్‌గఢ్ తప్ప చెప్పుకోదగ్గ ఊరు లేదు, ఫోను సిగ్నలు దారిలో పోతుంది. ఐదున్నరకు బయలుదేరి పన్నెండులోపు తిరిగి రావాలి. ఎటు వెళుతున్నారో, ఎప్పటికి వస్తారో హోటల్లో చెప్పి వెళ్లండి.

నలుగురికి 20 లీటర్ల క్యాన్లు రెండు. ఒకటి తాగడానికి, రెండోది బండి ఆగిపోతే తప్ప ముట్టడానికి లేదు. టైరు గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడు కంపెనీ చెప్పిన అంకెకు పెట్టించాలి. వేడికి పెరిగిందని దారిలో తీసేస్తే టైరు మరింత మడతపడి వేడెక్కి పేలుతుంది. కూలెంటు చూసుకోవాలి. ఇంజను కాగి ఆగితే 30 నిమిషాలైనా రేడియేటరు మూత ముట్టుకోకూడదు. తారు దిగి ఇసుకలో పెట్టాలన్న సరదా మామూలు కారుతో వద్దు. చక్రం దిగబడితే యాక్సిలరేటరు తొక్కేకొద్దీ గుంత లోతవుతుంది. ఆపి, టైరు ముందు ఇసుక తోడి, గాలి 18 పీఎస్‌ఐకి దించి, కాళ్ల కింది పట్టలు చక్రాల ముందు వేసి మెల్లగా లాగాలి. తారెక్కాక గాలి కొట్టించేదాకా నెమ్మదిగా నడపాలి.

బండి కదలకపోతే దాన్ని వదిలి నడవకండి. వెతికేవారికి కారు కనిపించినట్టు మనిషి కనిపించడు. లోపల కూర్చోవడమూ తప్పే, మూసిన కారులో గంటలో 20 డిగ్రీల పైగా వేడి పెరుగుతుంది. తలుపులు తెరిచి, తలుపు మీదినుంచి చీరనో దుప్పటినో నేలకు కట్టి, నీడ వైపు కూర్చోవాలి. ఇసుక మీద నేరుగా కాక సీటు పట్టనో పెట్టెనో వేసుకుని ఎత్తుగా కూర్చుంటే ఎంతో తేడా. నీళ్లను దాచుకుని చుక్క చుక్కగా తాగడం పనికిరాదు. దాహమైనప్పుడు తాగి, కదలకుండా ఉండటమే నీటిని ఆదా చేసే పద్ధతి.

తిరుగు ప్రయాణం, విశాఖ

ఢిల్లీ మీదుగా వస్తే రెండున్నర రోజులు పట్టొచ్చు. విశాఖ స్టేషన్లో దిగీ దిగగానే చొక్కా వీపుకు అంటుకుంటుంది. తడి తువ్వాలు మెడ మీద వేసుకునే అలవాటు ఇక్కడ మానేయండి. అది ఆరదు, చల్లబరచదు, చెమటకాయలు లేపుతుంది. ఇక్కడ ఫ్యాను గాలి, చల్లటి స్నానం, పొడి బట్ట.

మరో రెండు రోజులు మూత్రం రంగు చూస్తూ ఉండండి. టీ డికాక్షను రంగులో వస్తున్నా, కండరాల నొప్పులు తగ్గకపోయినా, పూటంతా మూత్రమే రాకపోయినా అలసట అనుకుని ఊరుకోకుండా అదే రోజు డాక్టరుకు చూపించి, ఎడారి నుంచి వచ్చామని ముందుగా చెప్పండి.